ఎనిమిది అడుగుల చిరునవ్వు

కొత్త క్లినిక్కు తెరవడానికి ఒక్క రోజు ముందు, పళ్ళ డాక్టరు ఉదయాన్నే లేచి ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. వదిన నవ్వును ఎనిమిది అడుగుల వెడల్పున వేయించి ముందు గోడకు తగిలించాలి. పాత సందులో రెండేళ్ళు ఈగలు తోలుకున్న మనిషి. ఇక్కడా జనం రాకపోతే అన్నయ్య కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోక తప్పదు. ఆ భయం అతన్ని నిద్రలోనూ వదలడం లేదు. వదిన పలువరుస సరిచేసింది తనే మరి, అంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

వదిన పుట్టింటికి వెళ్ళింది, తిన్నగా ప్రారంభానికే వస్తుంది. అందుకని ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇరవై మంది నిలబడ్డ ఫోటో తీసుకుని, ఆవిడ నోటి మేరకు కత్తిరించి, ఫ్లెక్సీలు వేసే షాపుకు పట్టుకెళ్ళాడు.

షాపతను చూసి తల అడ్డంగా ఊపాడు. "డాక్టరుగారూ, ఇది ఫోనుకైతే బ్రహ్మాండం. గోడకి పనికిరాదండి."

"అదేంటయ్యా, అద్దంలా కనిపిస్తోంటే?"

"ఫోటో అంటే చుక్కలండి. ఇరవై మంది పంచుకోగా ఈవిడ నోటి వాటాకి వచ్చినవి పిడికెడు. వాటినే ఎనిమిది అడుగులకి సాగదీస్తే ఒక్కో చుక్క ఇటుకంత అవుతుంది."

డాక్టరుకు చదువు ఎక్కువ, కాబట్టి వినడం తక్కువ. నోటిని వేళ్ళతో పెద్దది చేసి, స్క్రీన్‌షాట్ తీసి చూపించాడు. "ఇదిగో, పెద్దదయిందిగా!"

"పెద్దగా కనపడిందండి, చుక్కలు పెరగలేదు. తీసినాయన ఫోనులోంచి అసలుది తెప్పించండి."

ఫోటో తీసింది అన్నయ్య. అసలుది పంపమంటే ఆయన మళ్ళీ వాట్సాప్‌లోనే పంపాడు. వాట్సాప్ ఫోటోలను కుదించి పంపుతుంది కాబట్టి, అదీ దారిలో చిక్కిపోయే వచ్చింది. "ఎన్నిసార్లు పంపాలిరా?" అని విసుక్కుని ఫోను పెట్టేశాడు. ఇక లాభం లేదని డాక్టరు, మసక ఫోటోలకు పదును పెట్టే యాప్ ఒకటి డౌన్‌లోడ్ చేసుకున్నాడు. అది శ్రద్ధగా పనిచేసి, చుక్కకూ చుక్కకూ మధ్య సన్నటి నల్లగీత గీసిపెట్టింది. అరచేతిలో చూస్తే పళ్ళు తళతళలాడాయి.

"ఇక మారు మాట్లాడకు, వేసెయ్!"

"మీ ఇష్టమండి. నేను చెప్పలేదనకండి."

మర్నాడు పొద్దున బొమ్మ గోడకెక్కింది. డాక్టరు రోడ్డు అవతలి నుంచి చూసి చతికిలపడ్డాడు. పళ్ళన్నీ మెట్లు మెట్లుగా విరిగి, సందుల్లో గార పట్టి, పాడుబడ్డ ప్రహరీలా ఉన్నాయి. అప్పుడే వదిన కారు దిగింది.

"ఏమయ్యా మరిదీ, ఇవి నా పళ్ళేనా?"

"క్షమించు వదినా, ఇప్పుడే పీకించేస్తాను."

"పళ్ళనా, బొమ్మనా?"

ఈలోగా నలుగురు పోగయ్యారు. ఒక పెద్దాయన బొమ్మను చూస్తూ తన దవడ తడుముకున్నాడు. "నాయనోయ్! అశ్రద్ధ చేస్తే ఇంతదాకా వస్తుందా?" ఆయన భార్య ఆయన్ని లోపలికి నెట్టింది. వెనకే ఇంకొకరు, ఆ వెనక మరొకరు. పది గంటలకల్లా కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు.

"వైద్యం అయ్యాక తీసిన ఫోటో ఏదండీ?" అని ఎవరో అడిగారు.

డాక్టరు కళ్ళతోనే వదిన కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ ఒక్క క్షణం పళ్ళు కొరికి, వెళ్ళి బొమ్మ కింద నిలబడి నవ్వింది. జనం చప్పట్లు కొట్టారు. గల్లాపెట్టె గండం గడిచిందని డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు.

వచ్చినవాళ్ళందరికీ అలా నవ్వీ నవ్వీ, సాయంత్రానికి దవడ పట్టేసి, చివరి పేషెంటుగా వదినే కుర్చీ ఎక్కింది.