రిబ్బను రెండు ముక్కలూ భద్రం

ముప్పయ్యేళ్ల నాటి తన వీడియో గేమ్ 'చంద్రుడి దొంగ'ను మళ్లీ విడుదల చేసి జాతి వారసత్వాన్ని కాపాడాలని కంపెనీ నిశ్చయించింది. అసలు ప్రోగ్రాం వెంటనే తెమ్మని రికార్డు గది చూసుకునే అక్కయ్యకు ఉత్తర్వు అందింది.

రికార్డు గదికి ఏ లోటూ లేదు. ఆట విడుదలైననాడు చైర్మన్ గారు రిబ్బను కత్తిరించిన కత్తెర ఉంది. ఆ రిబ్బను రెండు ముక్కలూ ఉన్నాయి. ఆట పేరు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన పదకొండు ఫ్లాపీలూ ఉన్నాయి. తెరిచి చూస్తే పదకొండింటిలోనూ 'వృథా అరికడదాం' అన్న చైర్మన్ గారి ప్రసంగాలే ఉన్నాయి. ప్రసంగాలకు కొత్త ఫ్లాపీలు వృథా అని ఆట చెరిపి ఎక్కించారు. లేబుళ్లు మార్చడమూ వృథాయే కదా.

అక్కయ్య ఆట రాసిన మాస్టారింటికి పరుగెత్తింది.

"ఇంట్లో కాపీ ఉంటే దొంగతనమని మీరే కదమ్మా సంతకం పెట్టించుకున్నారు? పెరట్లో తగలబెట్టేశాను," అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "ఆటలో మా పేర్లు వేయకూడదన్నారుగా, అందులో చివరి గోడ మీద నా పేరు దాచిపెట్టా. మా మనవరాలేమో కోతలు కోయకు తాతా అంటోంది. దొరికితే దానికి ఒక్కసారి చూపించమ్మా."

దొరికింది. అక్కయ్య తమ్ముడి టీవీ రిపేరు కొట్లో, స్క్రూల డబ్బా అడుగున.

"దొంగ కాపీ అక్కా. పారెయ్యమని అప్పట్లో నువ్వే తిట్టావు."

"నా మాట ఎప్పుడు విన్నావు గనక! బతికించావు."

కంపెనీ ఆ దొంగ కాపీకే నకలు తీసి విడుదల చేసింది. చివరి గోడ మీద అనుమతి లేని పేరొకటి కనబడింది. అసలు ప్రోగ్రాం లేదు గనక చెరపడం కుదరక, దానిపై చైర్మన్ గారి ఫోటో అతికించారు. "మన వారసత్వాన్ని మనమే కాపాడుకున్నాం!" అని ఆయన సభలో గర్జించారు. మనమంతా లేచి చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఆగకముందే, కొట్లో ఉన్న కాపీని ధ్వంసం చేయాలని తమ్ముడికి నోటీసు తయారైంది. అందజేసే బాధ్యత అక్కయ్యది.

ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఆమె మొదటిసారి ఒక కాగితం పోగొట్టింది.

ఆ సాయంత్రం కొట్లో మాస్టారి మనవరాలు తాత పక్కనే కూర్చుని చివరి గోడ దాకా ఆడి, కూడబలుక్కుంటూ చదివింది. "తాతా, నిజంగా నువ్వే!"

రికార్డులు భద్రపరచడంలో ఘోర నిర్లక్ష్యం చూపినందుకు అక్కయ్యకు మెమో ఇచ్చారు. దాని నకళ్లు మూడు, ఒక్క అక్షరమూ చెరగకుండా రికార్డు గదిలో ఉన్నాయి. వారసత్వం మీద గౌరవమున్న వారెవరైనా వెళ్లి చూడవచ్చు. కత్తెర పక్కనే.