వేలికి అంటిన నేరం

ఆ సోమవారం జేమ్స్ పెట్టుకున్న పని ఒక్కటే. ఎలక్ట్రానిక్ సిటీలోని ఆఫీసుకి వెళ్లి, ఉద్యోగం పర్మనెంట్ అయినట్టు కాగితం అందుకోవాలి. దానికోసం ఆరు నెలలుగా టీ కూడా నిలబడే తాగాడు.

చూపుడువేలు మాత్రం కలిసిరాలేదు. కొసన చీము పట్టి ఉబ్బితే, శనివారం డాక్టరు కోసి కట్టుకట్టి ఓ తెల్లకాగితం మీద చీటీ రాసిచ్చాడు. గేటు దగ్గర వేలిముద్ర యంత్రం కట్టును చూసి ఎర్రదీపం వెలిగించింది.

"మీది ఈ వేలొక్కటే ఎక్కించుండారప్పా," అన్నాడు సెక్యూరిటీ నాగప్ప. జేమ్స్ ఇచ్చిన చీటీని పైన హెచ్.ఆర్. వరూధినికి పంపించాడు.

వరూధిని ఇంగ్లిషులో దిట్ట. చీటీలో జేమ్స్ పేరు, పక్కన 'ఫెలన్', కింద 'శనివారం డిశ్చార్జ్' అని ఉన్నాయి. ఫెలన్ అంటే ఘోరమైన నేరం చేసినవాడు. డిశ్చార్జ్ అంటే విడుదల. ఆమె వెంటనే కిందికి ఫోన్ చేసింది.

"వేలిముద్ర వేశాడా?"

"లేదు మేడమ్. గుడ్డ చుట్టుకోని ఉండాడు."

పావుగంటలో జేమ్స్‌ను కాన్ఫరెన్స్ గదిలో కూర్చోబెట్టారు. తలుపు దగ్గర నాగప్పను నిలబెట్టారు.

"ఇది ఎప్పట్నుంచండీ?" అంది వరూధిని.

"వారం నుంచి మేడమ్. మొదట్లో చిన్నదే కదా అనుకున్నా."

"ఇంట్లో తెలుసా?"

"మా ఆవిడే దగ్గరుండి కత్తి పెట్టించింది."

వరూధిని కుర్చీ వెనక్కి జరుపుకుంది. "పోలీస్ వెరిఫికేషన్ అయ్యేదాకా మీ కన్ఫర్మేషన్ హోల్డ్‌లో పెడుతున్నాం."

వేలు వాస్తే పోలీసులెందుకో జేమ్స్‌కు బోధపడలేదు. ఏడుపొక్కటే తక్కువ. భార్య రూతుకు ఫోన్ చేశాడు. నర్సు డ్యూటీ దిగిన రూతు యూనిఫారంలోనే ఆటో ఎక్కి వచ్చి చీటీ చదివింది.

"ఫెలన్ అంటే వేలికొసన చీముగడ్డ మేడమ్. మా వార్డుకి నెలకి నలుగురొస్తారు."

"మరి నేరస్థుడు?"

"అదీ ఇదే మాట. లాటిన్‌లో ఫెల్ అంటే పిత్తం అంట. చేదు మనిషికీ, చేదు పుండుకీ అందులోంచే పేరొచ్చిందని మా ట్యూటర్ చెప్పేవారు. నిజమో కాదో ఆయనకీ తెలీదు."

వరూధిని సిగ్గుపడి చూపుడువేలి గోరు కొరికింది. రూతు ఆ చెయ్యి పట్టుకుంది. వేలికొస ఎర్రగా ఉబ్బి ఉంది.

"ఇదీ ఫెలనే మేడమ్. ఇవాళే చూపించుకోండి."

వరూధిని నొప్పి వేలితోనే జేమ్స్ కాగితం మీద సంతకం పెట్టి ఆస్పత్రికి వెళ్లింది.

మర్నాడు గేటు దగ్గర యంత్రం ఆమె కట్టును చూసి ఎర్రదీపం వెలిగించింది. ఆమె చీటీ తీసి ఇచ్చింది.

"పైకి పంపాలంటే పైనుండేది మీరే గదా మేడమ్," అన్నాడు నాగప్ప.

కాసేపు ఆలోచించి, ఆమెను కాన్ఫరెన్స్ గదిలో కూర్చోబెట్టి, నిన్నటి పద్ధతి ప్రకారం తలుపు దగ్గర నిలబడ్డాడు.