చేదు తీసిన జ్వరపరీక్ష

మూలికకు గుణాన్ని, నాలుకకు నిజాన్ని అనుగ్రహించిన ఆదివైద్యునికి తొలి అంజలి. రుచి చూసిగాని తలయూపని విజ్ఞులకు మలి అంజలి. ఇక చిత్తగించండి. ఇది సుఘ్రాణ అనే ముంగిస కథ.

ఒక పెద్ద అడవిలో, వానలు వెనుకబట్టిన రోజులలో, ఒక మాయజ్వరం ప్రవేశించింది. మందు లేకపోలేదు. వైద్యుడైన తాబేలు తాత కాచే కషాయం దాన్ని ఇట్టే దించేది. కానీ ఆ కషాయం జ్వరమున్నవారికి అమృతం, వట్టి అలసటతో పడుకున్నవారికి విషం. పొరుగు బొరియలోని కుందేలు పిల్ల ఆ విధంగానే కన్నుమూసింది. నాటి నుండి తన ఒక్కగానొక్క కూన తుమ్మినప్పుడల్లా సుఘ్రాణ గుండె జారిపోయేది.

ఆమెది మూలికలమ్మే చిన్న అంగడి. ఒకానొక చేదువేరు రసం జ్వరపీడితుల ఉమ్మి తగిలితే ఎర్రబడుతుందని, ఆరోగ్యవంతుల ఉమ్మికి ఆకుపచ్చగానే నిలుస్తుందని ఆమె కనిపెట్టింది. రసం పూయడానికి పట్టీ కావాలి. గడ్డిపోచలతో పట్టీలు అల్లే గిజిగాడు కలిశాడు. అవి ఇంటింటికీ చేర్చడానికి ఉడుత కలిసింది. ముగ్గురివీ చిన్న వ్యాపారాలే. ఒకరు లేక మరొకరికి సాగదు.

ముగ్గురినీ నడిపించడానికి కొంగ మామ వచ్చాడు. పట్టణంలో అద్దాలమేడల వెనుక చెరువులో ఒక చలికాలం గడిపి వచ్చినవాడు.

"అక్కడ దీన్ని ఎజైల్ అంటారు. మనం చురుకు పద్ధతి అందాం. పక్షానికొక పరుగు, అంటే ఒక విడత పని. పరుగు చివర వాడేవారికి చూపించాలి, వారు చెప్పినట్లు మార్చాలి. రోజూ పొద్దున్నే సభ. అందరూ నాలాగా ఒంటికాలి మీద నిలవాలి. కాళ్లు నొప్పెడితే మాటలు తగ్గుతాయి. నా రెండో కాలు దిగితే సభ ముగిసినట్లు."

ఎండ నడినెత్తికి వచ్చినా ఆ రెండో కాలు దిగలేదు.

"మామా, సభ పొట్టిగా ఉంటుందన్నావే!" అన్నాడు గిజిగాడు పక్కకు ఒరిగిపోతూ.

"నా కాలికి పొట్టిగానే ఉంది నాయనా."

అయినా మొదటి పరుగులోనే పట్టీ సిద్ధమైంది. రాజసభలో చక్కగా పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"చేదు! కాస్త తేనె పూస్తే మీ సొమ్మేం పోయింది?" అంది ఎలుగుబంటి.

"పరీక్షంటే కంటికింపుగా ఉండవద్దూ?" అంది నెమలి.

సేనాపతి చిరుతపులికి ఎరుపు తేలింది. "నాకా ఎరుపు? కషాయం తాగుతాను సరే, ఈ రంగు మాత్రం మళ్లీ నా కంటపడకూడదు" అని గుర్రుమంది.

మరునాటి ఒంటికాలి సభలో కొంగ మామ సంగతులన్నీ ఏకరువు పెట్టాడు. సుఘ్రాణ ఉలిక్కిపడింది. "మామా, ఆ చేదే పరీక్ష. చేదు తీసేస్తే ఇంకేం మిగులుతుంది?"

"సంతృప్తి మిగులుతుంది అమ్మాయ్."

ఆమె వాదించింది. కానీ ఒంటికాలి మీద ఎంతసేపని వాదిస్తుంది? తలయూపితే కాలు దించుకోవచ్చు. సుఘ్రాణ తలయూపింది.

పరుగు వెంట పరుగు సాగింది. వేరు రసం తగ్గింది, తేనె పెరిగింది. పట్టీకి పూలూ కుచ్చులూ వచ్చాయి, మల్లెల వాసన అబ్బింది. ఎవరు నాకినా ఆకుపచ్చే! అడవి అంతా ఆనందించింది. జ్వరం తొలగిపోయిందని సింహరాజు చాటింపు వేయించాడు. ఎరుపు చూపనిదే ఎవరికీ కషాయం పోయరాదని శాసించాడు.

ఆ వారంలోనే సుఘ్రాణ కూన ఒళ్లు నిప్పులా కాలింది. ఆమె పట్టీని కూన నాలుకకు తాకించింది. ఆకుపచ్చ.

"బాగుందమ్మా. ఇంకోటి పెట్టవూ?" అంది కూన, కళ్లు తెరవకుండానే.

తన చేతి పనిని తానే నమ్మలేకపోయింది ఆ తల్లి. పరుగున పోయి వేరు తవ్వింది. గిజిగాడు ఉత్త పట్టీ ఒకటి పట్టుకొచ్చాడు. "అక్కా, దీనికి పూలూ కుచ్చులూ ఏమీ పెట్టలేదు" అన్నాడు సిగ్గుతో.

కూన ముఖం చిట్లించింది. పట్టీ ఎర్రబడింది.

"ఎరుపు చూసి ఎన్నాళ్లయిందమ్మా!" అంటూ తాబేలు తాత కషాయం పోశాడు. మరునాటికి కూన లేచి తల్లి తోక కొరికింది.

ఆ సాయంకాలం బొరియ ముంగిట ఒక పెద్ద నీడ పడింది. సింహరాజు బోర్లా పడుకొని లోపలికి తొంగిచూస్తున్నాడు.

"ఉన్నావా తల్లీ?"

"ప్రభూ! తమకు ఆకుపచ్చ వచ్చిందని చాటింపు విన్నామే!"

"వచ్చింది. రుచిగా ఉందని అరడజను నాకాను. ఒళ్లు మాత్రం కాలిపోతోంది. ఆ చేదుది ఉంటే ఒకటి..."

"ఎర్రబడితే అలుగుతారేమో?"

"ముందు ఎర్రబడనీ. తరువాత అలుగుతాను."

నాలుకకు పట్టీ తగిలింది. రాజు కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. చేదుకో, ఎరుపుకో తెలియదు. ఆయన వెనుక చిరుతపులి, ఎలుగు, నెమలి ఒకరినొకరు చూసుకోకుండా వరుసలో నిలిచి ఉన్నాయి.

రాజు కోలుకున్నాడు. తీపి పట్టీని మాత్రం రద్దు చేయలేదు. విందులలో భోజనానంతరం వడ్డించమన్నాడు. వడ్డన పెత్తనం కొంగ మామకు దక్కింది.

నీతి: అందరి మాటా మన్నించి చేసిన పరీక్ష అందరినీ సంతోషపెడుతుంది, జ్వరంతో సహా.

ఈ కథ విన్నవారి ఇళ్ల పిల్లలు చల్లగా ఉందురు గాక. వారి నాలుకలకు చేదు తెలియును గాక!