కేరాఫ్ తాబేలు

బంబై కామాఠీపురా తెలుగు చాల్ నివాసులకు తెలియజేయడమేమనగా, మెట్ల కింది జాగా తాబేలుకు మంజూరైనది. ఈ నోటీసును గోడకు అతికించింది సైదులే. రెండేళ్లుగా ఆ జాగాలో పడుకుంటున్నదీ సైదులే.

తాబేలును తెచ్చిందీ అతనే. గ్రాంట్ రోడ్‌లో పునాది తవ్వుతుంటే బయటపడింది, పలుగు దెబ్బ తగలకుండా తువ్వాలులో చుట్టుకొచ్చి చాల్ కమిటీ సెక్రెటరీ గంగారాంకు చూపించాడు. పెద్దాయన కరిగిపోయి, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"ఇగో సైదులు, డాక్టర్ సాబ్ బరాబర్ చెప్పిండు. ఇంట్లనే తిరగనీకి జాగా, ఎండ లెక్క బల్బు, కింద పొడి మట్టి, దాక్కోనీకి గూడు. లేకుంటే బీమారైతది."

"మరి నేను, సాబ్? శనివారం మా భూదేవి చంటిదాన్ని ఎత్తుకొని వస్తున్నది. జాగా ఉందని ఉత్తరం రాసిన."

"నువ్వు మనిషివి గద. అడ్జస్ట్ అయితవు."

వరుస గదుల ఆ చాల్‌లో పది బై పన్నెండు గదికి తొమ్మిది మంది, అంటే తలకు పదమూడు చదరపు అడుగులు. తాబేలుకు పద్దెనిమిది ఇచ్చారు, అది నిదానంగా నడుస్తుంది కాబట్టి. కట్టడానికి సైదులు కంటే మంచి మేస్త్రీ ఎవరు? నున్నగా ప్లాస్టరింగ్ చేశాడు, గాలికి కిటికీ పెట్టాడు, నలభై వాట్ల బల్బు బిగించాడు, పని కాగానే తన చాప చుట్టుకుని ఫుట్‌పాత్ మీదికి మారాడు.

గృహప్రవేశం నాడు గంగారాం ప్రసంగించాడు. "ఈ బంబైని కట్టింది మన తెలుగోళ్లు. మా తాత ఈ మెట్లు కట్టి, ఈ మెట్ల కిందనే పన్నడు. ఆసరా లేని జీవికి ఆసరా ఇచ్చుడు మన ఖూన్ల ఉన్నది." అందరూ చప్పట్లు కొట్టారు. సైదులూ కొట్టాడు, చేతుల నుంచి సిమెంటు రాలింది.

శనివారం భూదేవి దిగింది. మెట్ల కిందికి వంగి చూసింది.

"ఇల్లు మంచిగ కట్టినవ్. మరి మనదేది?"

 సైదులు గోడ మీది చాల్ నియమాలను మొదటిసారి పూర్తిగా చదివాడు. కూలీలను ఉంచుకోరాదు. నివాసి బంధువులు ఉండవచ్చును. తిన్నగా గంగారాం దగ్గరికి వెళ్లాడు.

"సాబ్, మీ రిజిస్టర్ల తాబేలు నివాసే గద. దాన్ని మట్టిల నుంచి ఎత్తుకొచ్చింది నేను. దానికి నేను గాక చుట్టమెవరున్నరు?"

కమిటీ రెండు గంటలు చర్చించింది. మనిషికైతే జాగా లేదు గానీ చుట్టాన్ని కాదనలేమని తీర్మానించింది. షరతులు మూడే: నివాసి నిద్రకు భంగం కలగరాదు, కాళ్లు బల్బుకు అడ్డం రారాదు, చంటిబిడ్డ ఏడిస్తే నివాసి అనుమతి పొందవలెను. తాబేలు తల లోపలికి లాక్కుంది. దాన్ని సమ్మతిగా రాసుకున్నారు.

ఇప్పుడు సైదులు కుటుంబానికి పాలమూరు నుంచి ఉత్తరాలు సక్రమంగా అందుతున్నాయి: కేరాఫ్ తాబేలు, మెట్ల కింద, కామాఠీపురా. గంగారాం తాతకు మాత్రం ఇంత శ్రమ పడాల్సి రాలేదు. అప్పటికి చాల్‌లో కమిటీ లేదు, అందులో ఆయన మనవడూ లేడు.