ఆపకూడని పడవ

ఆ ఉదయం కెప్టెన్ వేసుకున్న పథకంలో మూడే మెట్లు ఉన్నాయి. తొమ్మిదిన్నరకు పళ్ల డాక్టరు పడవను ట్రాలీ మీద నుంచి నీళ్లలోకి దించాలి. పదింటికి డాక్టరును ఎక్కించి సరస్సులో నాలుగు చక్కర్లు కొట్టించాలి. పదకొండు కాకముందే ఆయన చేత "బాగుంది" అనిపించాలి. మొదటి రెండూ ఎవరైనా చేస్తారు. మూడోదే కష్టం. ఆ మాట ఆయన నోట ఇంతవరకు ఎవరూ విన్న దాఖలా లేదు.

కెప్టెన్ అంటే ఓడ నడిపేవాడేమీ కాదు. సరస్సు ఒడ్డున పడవలు అమ్మి, బాగుచేసే షాపు యజమాని. నెత్తిన ఎప్పుడూ తెల్ల టోపీ ఉంటుంది కాబట్టి కస్టమర్లు ఆ పేరు పెట్టారు. ఆయనకు ఈత రాదు. ఆ సంగతి భార్యకూ, పాతికేళ్లుగా షాపులో పనిచేస్తున్న మెకానిక్ బాబాయికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

పళ్ల డాక్టరు మామూలు కస్టమర్ కాదు. బోటు క్లబ్బు అధ్యక్షుడు. క్లబ్బులో ఉన్న పద్దెనిమిది పడవలకూ ఏడాది పొడుగునా సర్వీసు ఎవరు చెయ్యాలో ఆయన సంతకం తేలుస్తుంది. ఇప్పటికి మూడుసార్లు పడవ తెచ్చాడు. మూడుసార్లూ ఒకటే ఫిర్యాదు. నెమ్మదిగా పోతున్నప్పుడు ఎక్కడో టిక్కుటిక్కుమంటోందట. నాలుగోసారి కూడా వినపడితే పద్దెనిమిది పడవలూ ఎదురుషాపుకు వెళ్తాయని ఫోనులో చాలా మర్యాదగా చెప్పాడు. అవి పోతే షాపులో మిగిలేవి రెండు తొక్కుడు పడవలూ, వాటిని అద్దెకిచ్చే ఒక ముసలాయనా.

ఇంతటి రోజున షాపులో బావమరిది ఉండటం కెప్టెన్ జాతకం. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. కస్టమర్లను మెప్పించే కళ మీద రెండు రోజుల శిక్షణకు వెళ్లి, ఒక నీలం ఫైలూ, ఒక కొత్త నవ్వూ వెంటబెట్టుకు వచ్చాడు.

"బావా, మనం పడవ ఇవ్వడం లేదు. ఒక అనుభూతి ఇస్తున్నాం."

"ముందు పడవ ఇవ్వనివ్వు. అనుభూతి ఆయన తెచ్చుకుంటాడు" అన్నాడు కెప్టెన్, టోపీ సర్దుకుంటూ.

మెకానిక్ బాబాయి లోపల ఇంకో ఇంజన్ కింద పడుకుని ఉన్నాడు. అందుకని పడవను నీళ్లలోకి దించే పని బావమరిది మీద పడింది. అక్కడే మొదలైంది కథ.

ప్రతి పడవకూ వెనక అడుగున బొటనవేలంత రంధ్రం ఉంటుంది. ఒడ్డున నిలబెట్టినప్పుడు లోపలి వాన నీళ్లు పోవడానికి. దానికో ఇత్తడి బిరడా. పడవ షాపులోకి రాగానే బాబాయి ఆ బిరడా విప్పి, ఎర్రగుడ్డ పేలికతో తాళంచెవికి కట్టేస్తాడు. చెవి ఎవరు పట్టుకున్నా బిరడా చేతికి తగలాల్సిందే. బిరడా బిగించకుండా ఇంజన్ ఆన్ చెయ్యడం ఎవరి తరమూ కాదు. పాతికేళ్లలో ఒక్కసారి కూడా మరపు రాలేదంటే ఆ పేలిక పుణ్యమే.

బావమరిదికి ఆ పేలిక చూడగానే ఒళ్లు జలదరించింది. గ్రీజు మరక, చిరుగులు, దారాలు. ఇలాంటిది డాక్టరు చేతిలో పెట్టడమా! విప్పి, చెవిని మాత్రం తుడిచి, మఖమల్ పెట్టెలో పెట్టి, పైన రిబ్బను కట్టాడు. పేలికనూ, దానికి వేలాడుతున్న ఇత్తడి ముక్కనూ కౌంటరు సొరుగులోకి తోశాడు. ఈ ముస్తాబంతా అయ్యేసరికి పది కావస్తోంది, అప్పుడు పడవ దించాడు. ఖాళీ అయిన ట్రాలీని పెయింటరు దగ్గరకు పంపేశాడు, దాని పక్కన "మీ సంతోషమే మా గమ్యం" అని రాయించడానికి.

పదింటికి డాక్టరు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. పదకొండింటికి క్లబ్బులో అధ్యక్షుడి ఎన్నిక. అధ్యక్షుడిగా నిలబడేవాడు తన పడవలోనే క్లబ్బుకు రావడం అక్కడి ఆనవాయితీ.

రిబ్బను విప్పి చెవి తీసుకున్నాడు. నవ్వలేదు. "మీరూ ఎక్కండి. మీ చెవులతో మీరే వినండి" అన్నాడు.

కెప్టెన్‌కు ఎక్కక తప్పలేదు.

రేవు దాటి రెండు నిమిషాలైనా కాలేదు. డాక్టరు వేగం లివరును వేలితో తాకుతున్నాడంతే. పక్కన ఈదుతున్న బాతులు వీళ్లను దాటిపోయాయి. చెవి పక్కకు వంచి వింటున్నాడు. కెప్టెన్ కూడా చెవి ఒగ్గాడు. టిక్కు లేదు. టక్కూ లేదు. కానీ కాళ్ల దగ్గర చల్లగా ఏదో తగిలింది.

వంగి చూశాడు. నీళ్లు.

"ఏమిటిది?" అన్నాడు డాక్టరు.

"పొద్దున కడిగాం కదండీ. శుభ్రంగా కడిగాం."

సరిగ్గా అప్పుడే షాపులో కెప్టెన్ భార్య స్టేప్లరు కోసం కౌంటరు సొరుగు లాగింది. ఎర్ర పేలిక కనపడింది. బిరడా కనపడింది. అద్దంలోంచి చూస్తే నీళ్ల మధ్య డాక్టరు పడవ కనపడింది. ముందు మొగుడికి ఫోను కలిపింది.

"నమస్కారం! మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంది ఫోను.

అది తమ్ముడి గొంతు. తమ్ముడు మాత్రం పక్కనే నిలబడి అద్దం తుడుస్తున్నాడు.

"ఒరేయ్, బావకి చేస్తే నువ్వు మాట్లాడతావేంట్రా?"

"బావ కాల్స్ అన్నీ మన కొత్త సిస్టమ్‌కి మళ్లించాను అక్కా. డెలివరీ టైములో ఫోను మోగితే కస్టమర్‌కి చిన్నతనం."

"పడవ కొనదలచినవారు ఒకటి నొక్కండి" అంది ఫోను తీరిగ్గా. "మరమ్మతు కోసం రెండు నొక్కండి. మా గురించి తెలుసుకోవాలంటే మూడు..."

"మునిగిపోతున్నవాళ్లు ఏం నొక్కాలిరా?"

తమ్ముడు అక్క చేతిలోని బిరడా వైపు చూశాడు. శిక్షణలో నేర్చుకున్న నవ్వు పెదాల మీద అలాగే ఉండిపోయింది. మిగతా ముఖం మాత్రం తెల్లబోయింది. "తొమ్మిది నొక్కు. ఫిర్యాదులు మాత్రం నేరుగా యజమానికే వెళ్తాయి."

తొమ్మిది నొక్కింది. "మీ ఫిర్యాదుకు ధన్యవాదాలు. వేచి ఉన్న సమయంలో మీరు పొందిన అనుభూతికి ఒకటి నుంచి అయిదు వరకు..."

"అయిదు కొట్టు అక్కా, తొందరగా పోతుంది!"

ఆమె ఒక చేత్తో అయిదు నొక్కి, రెండో చేత్తో తమ్ముడి వీపు మీద కొట్టింది. ఆ చప్పుడుకు ఇంజన్ కింద నుంచి మెకానిక్ బాబాయి బయటికొచ్చాడు. పేలిక చూశాడు. ఫోను లాక్కున్నాడు.

పడవలో కెప్టెన్ ఫోను మోగింది.

"కెప్టెన్, నేను. ముఖం మామూలుగా పెట్టు. బిరడా ఇక్కడుంది."

కెప్టెన్ ముఖం మామూలుగా పెట్టాడు. దానికి చాలా కండరాలు కావలసి వచ్చాయి.

"నీళ్లు తోడే మోటారు?" అన్నాడు మెల్లగా.

"క్లీనింగుకి విప్పా. నా బల్ల మీదుంది. చెప్పేది విను. పడవ జోరుగా పోతున్నంతసేపు లోపలికొచ్చిన నీళ్లు ఆ కన్నంలోంచే బయటికి పోతాయి. ఏం కాదు. ఆపావో, అయిదు నిమిషాలు. అంతే. ట్రాలీ వచ్చేదాకా ఆపకు."

"ట్రాలీ ఎక్కడ?"

బాబాయి అటు తిరిగి బావమరిదిని అడిగాడు. దూరంగా దెబ్బల చప్పుడు. "పెయింటరు దగ్గర. గమ్యం అనే మాట ఇంకా పూర్తి కాలేదట."

కెప్టెన్ ఫోను జేబులో పెట్టుకుని డాక్టరు వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, కాస్త జోరు పెంచండి."

"ఎందుకు? చప్పుడు నెమ్మదిగా పోతేనే కదా వచ్చేది."

"ముందు ఇంజన్ వేడెక్కాలండీ. కంపెనీ కొత్త పద్ధతి."

డాక్టరు లివరు అరంగుళం తోశాడు. నీళ్లు తెల్ల బూట్ల అంచు దాటాయి. కెప్టెన్ ఇక ఆగలేదు. చెయ్యి చాపి లివరు మొత్తం ముందుకు తోసేశాడు. పడవ ముక్కు పైకి లేచింది. డాక్టరు సీటులో వెనక్కి పడ్డాడు. కాళ్ల దగ్గరి నీళ్లన్నీ బుడబుడమంటూ వెనక్కి పరుగెత్తి మాయమయ్యాయి.

"ఆపండి! ఇది టెస్టా, రేసా?"

"ఆపకూడదండీ! ఆగకుండా ఇరవై నిమిషాలు. ఆపితే మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి."

ఒక చక్కరు అయింది. రెండో చక్కరు అయింది. ప్రతి మలుపులో డాక్టరు లివరు లాగుతాడు, కెప్టెన్ తోస్తాడు. లాగినప్పుడల్లా నీళ్లు పలకరిస్తాయి, తోసినప్పుడల్లా సెలవు తీసుకుంటాయి.

"చూడండి, పన్ను నొప్పి అని పేషెంటు వస్తే నేను కుర్చీలో కూర్చోబెట్టి ఊరంతా తిప్పుతానా? నొప్పి ఎక్కడో అక్కడ చూస్తాను. ఒక్క నిమిషం నెమ్మదిగా పోనివ్వండి!"

"మీరు పన్ను పీకేటప్పుడు పేషెంటు ఆపమంటే ఆపుతారా డాక్టరుగారూ?"

డాక్టరు జవాబుగా లివరు లాగాడు. కెప్టెన్ తోశాడు.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి భార్య. "ఏవండీ, ట్రాలీ బయల్దేరింది. పావుగంట."

కెప్టెన్ పెట్రోలు ముల్లు చూశాడు. పరీక్షకు మూడు లీటర్లకు మించి పొయ్యకపోవడం షాపు నియమం. ఆ నియమం పెట్టింది ఆయనే. ముల్లు అడుగుకు ఆనుకుని ఉంది.

"నాకు పావుగంట లేదే. అయిదు నిమిషాలు ఉంది."

"అయితే ఇసక మీదికి ఎక్కించెయ్యమంటున్నాడు బాబాయి. ఉన్న జోరుతోనే. క్లబ్బు ముందు తప్ప ఇంకెక్కడా ఇసక లేదంట, అన్నీ రాళ్లేనంట. ఏవండీ... గట్టిగా పట్టుకోండి."

క్లబ్బు ముందు ఇసక మీద కుర్చీలు వేసి ఉన్నాయి. ఎన్నికకు ముందుగానే వచ్చిన సభ్యులు కూర్చుని ఉన్నారు. ముందు వరుసలో డాక్టరుకు పోటీగా నిలబడిన వకీలు.

"క్లబ్బు అదుగో" అన్నాడు డాక్టరు గట్టిగా ఊపిరి పీల్చి. "ఇక్కడైనా లివరు నాకు వదలండి. ఆ వకీలు ఇప్పటికే అందరికీ చెబుతున్నాడు, నేను పడవ నడిపితే తాబేలుకు నవ్వొస్తుందని."

"డాక్టరుగారూ, స్టీరింగు కదపకండి. నేరుగా."

"నేరుగా అయితే ఒడ్డే ఉంది!"

"అవునండీ."

లివరు మీద ఇద్దరి చేతులూ ఉన్నాయి. ఒకటి లాగుతోంది. ఇంకొకటి తోస్తోంది. ఈత రాని చెయ్యే గెలిచింది.

పడవ నీళ్లు వదిలింది. ఇసకలోకి బాణంలా దూసుకొచ్చి, రెండు వైపులా ఇసక ఎగజిమ్మి, బరబరమని జారుకుంటూ ముందు వరుసకు నాలుగడుగుల దూరంలో ఆగింది. వకీలు కుర్చీతో సహా వెనక్కి పడిపోయాడు. ఇంజన్ ఒక్కసారి దగ్గి, చుక్క పెట్రోలు లేక ఆగిపోయింది.

కుర్చీల్లోని వాళ్లు కళ్ల మీది ఇసక తుడుచుకున్నారు.

కెప్టెన్‌కు ఇక దాచి లాభం లేదనిపించింది. పాతికేళ్ల షాపు ఎలాగూ పోయింది, కనీసం మాటైనా నిలబడాలి. గొంతు తగ్గించి చెప్పాడు. "డాక్టరుగారూ, తప్పంతా మాదే. అడుగున బిరడా పెట్టకుండా పంపాం. ఆపితే మునిగిపోతామని ఇలా తిప్పాను. మీరు ఎదురుషాపుకు వెళ్లినా నేను పల్లెత్తు మాట అనను. ఇప్పుడే అందరి ముందూ ఒప్పుకుంటాను."

లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు వెనక వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. పక్కవాళ్లు అందుకున్నారు. క్షణంలో ఒడ్డంతా మోగిపోయింది. "అబ్బో, మన డాక్టరేనా!" "నాలుగడుగుల్లో ఆపాడండీ, కొలిచినట్టు!" "తాబేలన్నారుగా, ఏరీ వకీలుగారు?" వకీలు ఇసక దులుపుకుంటూ కుర్చీ కోసం వెతుకుతున్నాడు.

డాక్టరు మెల్లగా తల తిప్పి జనాన్ని చూశాడు. తర్వాత కెప్టెన్ చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగి కూర్చోబెట్టాడు.

"కూర్చోండి. ఎక్కడికి లేస్తున్నారు?"

"ఒప్పుకోవడానికండీ. బిరడా..."

"ఏ బిరడా?"

"అదే, మీరు లివరు లాగుతుంటే నేను..."

"నేను లాగలేదు." డాక్టరు జనం వైపు చెయ్యి ఊపుతూ, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ, ఆ పళ్ల సందుల్లోంచే మాట్లాడాడు. "నేను కావాలనే ఇలా దిగాను. మీరు పక్కన కూర్చుని భయపడ్డారు. ఇంతే జరిగింది. దయచేసి ఇంతే జరిగిందనండి. మీకు దణ్ణం పెడతాను."

కెప్టెన్‌కు చెవులు మోగుతున్నాయి. కస్టమర్ తనను బతిమాలడం ఈ వృత్తిలో ఆయన చూడలేదు. "మరి ఆ టిక్కుటిక్కు?"

"ఏ టిక్కుటిక్కు?"

ఇంతలో ఒడ్డు వెంట ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. ముందు భార్య, పిడికిట్లో బిరడాతో. వెనక బాబాయి. ఆ వెనక వీపు రుద్దుకుంటూ బావమరిది. భార్య నోరు తెరిచింది. కెప్టెన్ కళ్లతోనే వద్దన్నాడు. ఆమె నోరు మూసి, బిరడాను చేతిసంచిలో వేసుకుని, అందరితో పాటు చప్పట్లు కొట్టింది.

"బాగుంది" అన్నాడు డాక్టరు పైకి, అందరికీ వినపడేలా. "సర్వీసంటే ఇదీ!"

వకీలు పోటీ నుంచి తప్పుకున్నాడు. డాక్టరు ఏకగ్రీవంగా నెగ్గి, మొట్టమొదట పెట్టిన సంతకం పద్దెనిమిది పడవల కాగితం మీదే. కెప్టెన్ ఆ కాగితం మడిచి టోపీ లోపల పెట్టుకున్నాడు. సభ్యులు మాత్రం పడవ చుట్టూ మూగి, ఇసకలో పడ్డ చారను అడుగులతో కొలిచి చూసుకుంటున్నారు. ఎంత దూరం నుంచి జోరు అందుకోవాలి, ఏ కోణంలో రావాలి అని ఒకరినొకరు అడుగుతున్నారు. అధ్యక్షుడు దిగినట్టు దిగలేనివాడికి క్లబ్బులో ఇక పరువేముందని వకీలే ముందుగా అన్నాడు.

నెల తిరిగేసరికి పద్దెనిమిదింటిలో పదకొండు పడవలు అడుగు పగిలి షాపుకు వచ్చాయి. మిగతా ఏడుగురికి ఇంకా ధైర్యం చాలలేదు.