రూపేష్ జుట్టుకు బదులు

మర్నాడే కొడుకు సినిమా షూటింగు మొదలు. ఇవాళ వాడి తలకు నూనె రాసి, కడుపు నిండా ఇడ్లీలు పెట్టి, దిష్టి తీసేస్తే తన పని అయిపోయినట్టే అనుకుంది తిరుపతి నిర్మలమ్మ. నూనెగిన్నె చేతిలోకి తీసుకోగానే మొక్కు గుర్తొచ్చి మళ్లీ కింద పెట్టేసింది. "మావోడికి హీరో వేషం వస్తే వాడి తలనీలాలిస్తా సామీ" అని ఎప్పుడో మొక్కేసింది. వేషం వచ్చింది. అదీ రూపేష్ ఉంగరాల జుట్టును చూసే వచ్చింది.

డైరెక్టరు జయరామ్ ఆ మాట ముందే చెప్పాడు. "వేషానికి తగ్గ మనిషి దొరికితే ఆ సినిమాని యాభై ఏండ్లయినా జనం మర్సిపోరమ్మా. మీవోడి జుట్టు మీద కత్తెర పడిందా, వేషం పోయినట్టే."

ఇస్తే వేషం పోతుంది. ఇవ్వకపోతే, ఆయన వడ్డీకాసులవాడు, ఏం లాక్కుంటాడో! లైటు కొడుకు నెత్తిన పడినట్టు, గుర్రం ఎగిరి తన్నినట్టు నిర్మలమ్మ కళ్లకు కట్టింది. సినిమాలో గుర్రమే లేదు.

వెంటనే విలన్ వేషం కట్టే రవిచంద్ర తల్లి జ్ఞానాంబకు ఫోన్ చేసింది.

"వదినా, మావోడి బదులు మీవోడు గుండు కొట్టించుకుంటే సామి ఒప్పుకోడా? ఎట్లాగూ విలనే గదా. గుండయితే పిల్లోళ్లు సూసి జడుసుకుంటారు."

"ఔను మే! మావోడు నవ్వితే పసిబిడ్డ మాదిరి ఉంటాడని నాకూ బెంగే. ఇప్పుడే కొండకు తోల్తా!"

ఫోన్ పెట్టేశాక ఇంకో భయం. హీరో జుట్టుకు విలన్ జుట్టు సరితూగుతుందా? తండ్రి వేషం వేసే మునిరామయ్యను పట్టుకుంది. "అన్నా, నువ్వు సినిమాలో సచ్చిపోతావంట గదా! శకునం బాగలేదు. ముందే గుండిచ్చేస్తే గండం పోతాది." ఆయన చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా కొండ బస్సెక్కేశాడు. పోలీసు వేషగాడితో, "నీకు టోపీ ఉంటాది గదప్పా, ఎవురికి తెలస్తాది?" అంది. పెళ్లి సీనులో పురోహితుడితోనైతే, "పిలక మిగిలిస్తే సాలు సామీ" అంది. అందరికీ చివర ఒకటే మాట: "ఎవురికీ సెప్పొద్దు, సెప్తే ఫలితం పోతాది."

మర్నాడు పొద్దున తిరుచానూరు పక్క మామిడితోటలో, గంధం పూసిన గుండ్లు ఆటోల్లోంచి ఒకటొకటే దిగాయి. జయరామ్ కుర్చీలో కూలబడ్డాడు.

"ఏందప్పా ఇది? నేను తీసేది ప్రేమకథా, కొండమీద కల్యాణకట్టా?"

నిర్మలమ్మ కొడుకు వీపు వెనక నక్కింది. గుండ్లవాళ్లు ఒకరినొకరు చూసుకుని, ఎవరి తల వాళ్లు తడుముకున్నారు. జయరామ్ నీరసంగా వాళ్లందరినీ వరసగా నిలబెట్టి కెమెరాలోంచి చూశాడు. మళ్లీ చూశాడు. లేచి గంతేశాడు.

"అబ్బబ్బా! ఒకే వంశం! తండ్రి, పగోడు, పోలీసు, అందరూ ఒకే రక్తం మాదిరి ఉండారు! కథ మార్సేస్తా. విలన్ హీరోకు తప్పిపోయిన అన్న! ఇట్లాంటోళ్లు యాడ ఎతికినా దొరకరు. ఈ సినిమా వందేండ్లు నిల్సిపోతాది!"

అంతలో అతని చూపు రూపేష్ మీద ఆగింది. ముఖం చిట్లించాడు.

"వీడొక్కడే పరాయోడి మాదిరి ఉండాడే! ఆ జుట్టేంది? హీరోను మార్సాల."

"అమ్మా!" అన్నాడు రూపేష్ ఏడుపు గొంతుతో.

నిర్మలమ్మ వాడి ఉంగరాల జుట్టును పిడికిట పట్టి, రోడ్డు మీదికి లాక్కుపోతూ అరిచింది: "ఒక్క పూట ఆగు నాయనా! నీ హీరోను నున్నగా తెచ్చిస్తా!"

సినిమా పూర్తయింది. టైటిల్స్‌లో 'కేశాలంకరణ' అన్న చోట నిర్మలమ్మ పేరు వేశారు.