నూనె పెట్టిన జీను

దసరా పొద్దున నర్సప్ప అనుకున్న పని చిన్నదే. తాండూరు మైదానంలో గుర్రం మీద నాలుగు అడ్డకర్రలు దూకాలి, కింద పడకుండా ఇంటికి రావాలి. పోయినేడు మూడో కర్ర దగ్గరే పడ్డాడు. రోజూ చేనికి తిరిగేది ఆ గుర్రం మీదే. ఈసారీ పడితే దాన్ని అమ్మేస్తానని వాళ్ళన్న భీమప్ప చెప్పేశాడు.

లోపమేదో ఖాసిం సాబు నెలరోజులుగా చెబుతూనే ఉన్నాడు. ఆయన పాత రిసాలాలో, అంటే గుర్రపు దండులో, సవారు. దూకేటప్పుడు నర్సప్ప భయంతో మోకాళ్ళతో జీనును బిగిస్తాడు. దాంతో పిక్కలు వెనక్కి ఊగుతాయి, ఒళ్ళు ముందుకు తూలుతుంది. మడమలు దించి, పాదాలు పెట్టే రికాబుల మీద బరువు మోపి, కాళ్ళు కదలకుండా ఉంచమంటాడు సాబు. నర్సప్ప తల ఊపుతాడు. గుర్రం ఎక్కగానే మళ్ళీ మోకాళ్ళే బిగిస్తాడు.

ఆ పొద్దు భార్య బుగ్గమ్మ ఇంట్లో పనిముట్లన్నిటికీ పసుపు కుంకుమలు పెడుతూ జీనుకూ పెట్టింది. తోలు బిరుసెక్కింది, మొగుడి తొడలు ఒరుసుకుంటాయని దోసెడు నువ్వుల నూనె కూడా పట్టించింది. అది చూసి నర్సప్ప బూడిద తెచ్చి గబగబా తుడవసాగాడు. కొడుకు పూజను చెరుపుతున్నాడనుకుని తల్లి జంగమ్మ హడలిపోయింది. తప్పు కాయమని దేవతకు మొక్కి, గిన్నెలో మిగిలిన నూనె కూడా జీను మీదే పోసింది.

"అవ్వా, నేను జారి పడ్తనే," అన్నాడు నర్సప్ప.

"ఎల్లమ్మ తల్లి పట్టుకుంటది. నువ్వు తుడవకు, గంతే."

తల్లి పట్టుకుంటుందని నర్సప్పకూ నమ్మకమే. ఏ కాలు పట్టుకుంటుందన్నదే సందేహం.

మైదానంలో గుర్రం పరుగందుకుంది. మోకాళ్ళు బిగించబోతే పాచి మీద పాదాల్లా జారాయి. ఆసరాగా మిగిలినవి రికాబులే. గత్యంతరం లేక మడమలు దించి, బరువంతా వాటి మీదే వేశాడు. ఒకటి దాటింది, రెండు దాటింది. మూడో కర్ర దగ్గర కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి నాలుగోది కూడా వెనకబడింది. పిక్కలు గుర్రం డొక్కలకు అతికించినట్టు ఉన్నాయి.

"నెల దినాల సంది గిదే కద నేను చెప్పుతున్న," అన్నాడు సాబు, నిట్టూరుస్తూ.

భీమప్ప వచ్చి గుర్రం మెడ నిమిరాడు. చుట్టూ తిరిగి చాలాసేపు చూశాడు.

"మస్తు గుర్రం రా తమ్మీ. ఇగ దీన్ని అమ్మేది లేదు."

నర్సప్పకు కళ్ళు చెమ్మగిల్లాయి.

"గింత మంచి గుర్రాన్ని చేను చుట్టూ తిప్పుడేంది? రేపటి సంది నేనెక్కుత," అన్నాడు భీమప్ప.

మర్నాడు నర్సప్ప కంది చేనికి నడిచి వెళ్ళాడు.